పదకొండుమందికి ఒకే తాత

మంగళవారం మూడో పీరియడ్ అయిపోగానే ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ హెడ్ మిస్టర్ కీనన్ వసుమతిని తన గదికి పిలిచి, బల్ల మీద పదకొండు నీలం అట్టల జవాబు పుస్తకాలు వరసగా పరిచాడు. పరిచి, చేతులు కట్టుకుని కిటికీ పక్కన నిలబడ్డాడు. చదవమని అనలేదు. చదవాల్సిన పనీ లేదు. ప్రతి పుస్తకంలోనూ మొదటి రెండు వాక్యాల కింద ఎర్ర పెన్సిల్ గీత ఉంది. ప్రతి గీత మీదా అవే మాటలున్నాయి.

"మా తాతగారు చెప్పులు చేతిలో పట్టుకుని నాలుగు మైళ్లు నడిచి బడికి వెళ్లేవారు. అవి అరిగిపోతాయని కాదు, చదువు ముందుకి దుమ్ము చెప్పులతో వెళ్లకూడదని."

పదకొండు దస్తూరీలు. ఒకడివి కోడిగీతలు, ఒకమ్మాయివి ఉబ్బిన పూరీల్లాంటి గుండ్రటి అక్షరాలు, ఇంకొకడివి ఎడమచేతి వాటంతో వెనక్కి పడుకున్నవి. తాత మాత్రం ఒక్కడే. జెర్సీ సిటీలో పుట్టి, బడికి సిటీ బస్సులో వచ్చే పిల్లలు. వాళ్లలో నల్లవాళ్లున్నారు, పోర్టోరికో వాళ్లున్నారు, పోలండ్ నుంచి వచ్చిన వాడొకడున్నాడు. ఇంతమందికీ కలిపి చెప్పులు చేత్తో పట్టుకున్న ముసలాయన ఒక్కడే దొరికాడు!

"మిసెస్ వీ," అన్నాడు కీనన్. మూడేళ్లయినా వసుమతి అన్న నాలుగక్షరాలు ఆయన నోటికి పట్టలేదు. "ఈ జాక్సన్ వాళ్ల తాత నాకు తెలుసు. రేవులో మా నాన్నతో కలిసి బస్తాలు మోశాడు. ఆయన ఏ బడికీ నడిచి వెళ్లలేదు. ఇవి ట్రెంటన్‌లో రాష్ట్ర విద్యాశాఖకి వెళ్లాల్సిన పేపర్లు. ఇది పాసైతేనే ఈ పిల్లలకి జూన్‌లో డిప్లమా. వీటిని ఇలాగే పంపిస్తే వాళ్లు మొత్తం స్కూల్‌ని నిలబెట్టి అడుగుతారు."

వసుమతి పుస్తకాల వంక చూస్తూ నిలబడింది. చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి ఉంది. దాన్ని దులుపుకోవాలనిపించింది, చేతులు కదల్లేదు.

"ఇది మీరిచ్చింది కాదు కదా?" అన్నాడు కీనన్.

అది అడిగినట్టు కూడా లేదు. కాదనే జవాబు ఆయన మొహం మీద సిద్ధంగా ఉంది, ఆమె అందుకుంటే చాలు. బల్ల సొరుగు సగం తెరిచి ఉంది. వచ్చే ఏడాది ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న జాబితా అందులోనే ఉంటుందని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. ఈ ఏప్రిల్ నెలాఖరులోగా ఉత్తరం వస్తే వసుమతికి ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. ఆ తర్వాత ఎవరూ కదపలేరు. రాకపోతే మళ్లీ ఆ బట్టల షాపే. ఎమ్మే ఇంగ్లీషు చదివి ఆరేళ్లపాటు స్వెట్టర్లు మడతపెట్టింది. ఇప్పటికీ ఇంట్లో తువ్వాలు మడతపెట్టబోతే చేతులు వాటంతటవే షాపు మడత పెడతాయి, అప్పుడు ఆమెకి ఒళ్లు మండుతుంది.

"నో," అంది వసుమతి.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు కీనన్, నిజంగానే తేలికపడి. "వీళ్లలో వీళ్లే ఏదో చేశారు. రేపు ఒక్కొక్కర్నీ పిలిచి అడుగుతాను."

ఆమె గబగబా మెట్లు దిగింది. అబద్ధం ఆడింది. అదీ తడుముకోకుండా, పంచదార దొంగతనం చేసిన చిన్నపిల్లలాగా. ఇచ్చింది ఆమే. ఇవ్వడమేమిటి, నాలుగు వారాలు కూచోబెట్టి కంఠతా పట్టించింది. ఏ ప్రశ్న రావచ్చో అంచనా వేసి ఐదు టాపిక్కులు ఏరింది. టెలివిజన్ వల్ల లాభనష్టాలు ఒకటి, మీ మీద ప్రభావం చూపిన మనిషి ఒకటి. ఒక్కోదానికీ మోడల్ కాంపోజిషన్ రాసింది, డిక్టేషన్ చెప్పింది, నోట్సులు దిద్దింది, రోజూ పొద్దున్నే ఒక్కొక్కర్నీ నిలబెట్టి అప్పజెప్పించుకుంది. తెనాలిలో తను చదువుకున్నది అలాగే. మంచి వాక్యం నాలుక మీద కూచుంటే దాని వెనకాలే సొంత వాక్యం వస్తుందని ఆమె నమ్మకం. పరీక్షలో అదే ప్రశ్న వచ్చిందని తెలిసిన రోజున కారిడార్‌లో ఎవరూ చూడకుండా చప్పట్లు కొట్టుకుంది. "గెస్ తగిలిందండీ!" అని మొగుడి ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పింది. పిల్లలు పొల్లు పోకుండా దించుతారని, ఇక్కడ దాన్ని నేరం అంటారని ఆ సంతోషంలో ఆమెకి తట్టనే లేదు. తెనాలిలో దాన్ని చదువు అనేవారు.

*

చదవడంలో వెనకబడ్డ పిల్లల కోసం పెట్టిన ఆమె క్లాసు బేస్‌మెంట్‌లో, బాయిలర్ గది పక్కన. బాయిలర్ మూలిగినప్పుడల్లా చదువుతున్నవాడు ఆగాలి, అది ఊరుకున్నాక మళ్లీ అందుకోవాలి. బుధవారం పొద్దున్న ఆమె ఊదారంగు సిరా కాపీ కాగితాలు పంచింది. మెషీన్ మీద అప్పుడే తీసినవి, ఇంకా తడిగా స్పిరిట్ వాసన వేస్తున్నాయి. పిల్లలు అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, ఆ తర్వాతే బల్ల మీద పెట్టారు.

నది మీద వంతెన ఎలా కట్టారో చెప్పే పాఠం. జాక్సన్ వంతు వచ్చింది. పద్దెనిమిదేళ్లవాడు, ఆరడుగుల మనిషి, చదివేటప్పుడు వేలు మాట కింద పెడతాడు. మాట పూర్తయ్యేదాకా ఆ వేలు కదలదు. ఫౌండేషన్ అన్న మాట దగ్గర ఆగిపోయాడు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. వసుమతి బల్ల పక్కకి వెళ్లి, పెన్సిల్ వెనకవైపుతో మాటని మూడు ముక్కలుగా కప్పి, తీసి, కప్పి, తీసి చూపించింది. జాక్సన్ మూడు ముక్కలూ విడిగా అన్నాడు, తర్వాత కలిపి అన్నాడు. అని, నవ్వినవాడి వంక తిరిగి చూశాడు.

అప్పుడు గోడ మీది స్పీకర్ గరగరలాడింది. జాక్సన్‌ని మిస్టర్ కీనన్ గదికి పంపమన్నారు.

ఆ పీరియడంతా అదే వరస. ఒకడు రావడం, ఇంకొకడు వెళ్లడం. వచ్చినవాడు వచ్చినట్టు కూచుని కాగితంలోకి చూస్తాడు. వీళ్లలో ఒక్కడు నోరు విప్పినా వసుమతి పని అయిపోయినట్టే. ఆఖరికి ఉండబట్టలేక, తనకేమీ పట్టనట్టు మొహం పెట్టి జాక్సన్‌ని అడిగింది, "ఏమన్నారు?"

"ఎక్కడిది ఇది అన్నారు."

"నువ్వేమన్నావు?"

"నా బుర్రలోంచి వచ్చింది అన్నాను, మిస్."

క్లాసంతా కాగితాల్లోకి తల దించుకుని నవ్వింది. ఆమె వైపు మాత్రం ఎవరూ చూడలేదు. కావాలనే చూడలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. పాఠాలు నాలుగుసార్లు చెప్పినా మర్చిపోయే ఈ పిల్లలు ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నారు. వాళ్ల వీధుల్లో ఒకరి పేరు ఇంకొకరు పోలీసులకి చెప్పరు, అంతే. వాళ్లు తనని కాపాడుతున్నారు. అది అర్థమవగానే ఆమెకి ప్రాణం లేచి వచ్చింది, ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

బెల్లు కొట్టాక యోలాండా ఒక్కతే ఉండిపోయింది. ముందు వరసలో కూచునే పిల్ల, బడి అయ్యాక లాండ్రీలో పనిచేస్తుంది, వేళ్ల చివర్లు బ్లీచ్‌కి తెల్లగా పగిలి ఉంటాయి. సెప్టెంబర్‌లో ఆస్పత్రిలో నర్సులకి సాయపడే నర్స్ ఎయిడ్ కోర్సుకి సీటు వచ్చింది. డిప్లమా చూపిస్తేనే చేర్చుకుంటారు. ఆ ఉత్తరం తెచ్చి వసుమతి చేత గట్టిగా చదివించుకుంది కూడా, తను చదివింది కరెక్టో కాదో అని.

యోలాండా జీన్స్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. నోట్‌బుక్‌లోంచి చింపినవి.

"ఇవి నా దగ్గర ఉంటే బాగోదు, మిస్. మీ ఎర్ర టిక్కులున్నాయి."

వసుమతి విప్పి చూసింది. తాతగారు, చెప్పులు, నాలుగు మైళ్లు. పక్కన తను పెట్టిన టిక్కులు.

"మిగతావాళ్లవి?"

"నిన్న మా పేపర్లు పట్టుకున్నారని తెలియగానే జానిటర్‌కి ఇచ్చేశాం. బాయిలర్‌లో పోయాయి. నాది ఇవ్వబుద్ధి కాలేదు. చివర్లో మీరు వెరీ గుడ్ అని రాశారు." ఆ పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నా కాగితం మీద అంతకు ముందు ఎవరూ అలా రాయలేదు."

ఆ పిల్ల వెళ్లిపోయాక వసుమతి ఆ కాగితాలు హ్యాండ్‌బ్యాగ్‌లో, దువ్వెనకీ బస్ పాస్‌కీ మధ్య పెట్టి జిప్పు వేసింది.

*

"దట్స్ చీటింగ్, అమ్మా," అంది రేణు. ఎనిమిదో క్లాసు పిల్ల, డైనింగ్ టేబుల్ మీద హోంవర్క్ పరుచుకుని కూచుంది. "మా టీచర్ అయితే జీరో ఇస్తుంది."

"మెమొరైజ్ చేస్తే చీటింగ్ ఏంటే?" అంది వసుమతి చారులో పోపు పెడుతూ. "నేనేం పరీక్షలో చీటీలు అందించానా?"

"బట్ అవి నీ వర్డ్స్. వాళ్ల వర్డ్స్ కాదు కదా."

భాస్కర్ అప్పుడే మాన్‌హటన్ నుంచి ట్రైన్ దిగి వచ్చాడు. టై వదులు చేసుకుంటూ జరిగిందంతా విన్నాడు. విని, పళ్లెం ముందు కూచున్నాక ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"అది సరే గానీ వసూ, ఈ చెప్పుల తాత ఎవరు? మీ తాత జట్కా తోలేవాడు కదా? ఆయనకి అసలు చెప్పులే లేవని నువ్వే కదా చెప్పింది, పెళ్లైన కొత్తలో."

వసుమతి గరిట ఠక్కున గిన్నెలో పెట్టింది.

"జట్కా అంటే?" అంది రేణు.

"గుర్రబ్బండి," అన్నాడు భాస్కర్.

"హార్స్? రియల్లీ? అమ్మా, నీ తాతయ్యకి హార్స్ ఉందా? నాకెప్పుడూ చెప్పలేదు!"

"ఉండేది," అంది వసుమతి. "అన్నం తిను."

చెప్పలేదు. పెళ్లైన కొత్తలో ఒక్కసారి భాస్కర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ చెప్పుల తాత ఎవరో ఆమెకీ తెలియదు. తెనాలి బళ్లో, ఫిఫ్త్ ఫారంలో, ఇంగ్లీషు చెప్పే దత్తాత్రేయ మాస్టారు డిక్టేషన్ ఇస్తే ముప్ఫై ఎనిమిది మంది ఆడపిల్లలు రాసుకున్నారు. తర్వాత అది అలా నోట్లో ఉండిపోయింది. ఎవరైనా మీ తాతగారేం చేసేవారని అడిగితే ఆయనే ముందుకొచ్చేవాడు, శుభ్రంగా, పంచె కట్టుకుని, చేతిలో చెప్పులతో. చెప్పుకోవడానికి బాగుండేవాడు. నిజంగా ఆయన తన తాతో కాదో ఆలోచించడం ఆమె ఎప్పుడో మానేసింది.

రేణు లేచి వెళ్లాక భాస్కర్ గొంతు తగ్గించాడు. "చూడు వసూ. నువ్వు నో అనేశావు. ఇంక నోరు మెదపకు. పది రోజులు కళ్లు మూసుకున్నావంటే టెన్యూర్ వచ్చేస్తుంది. పిల్లలు ఎలాగూ చెప్పట్లేదంటున్నావు కదా?"

"చెప్పట్లేదండీ. అందుకే మనసొప్పట్లేదు."

"ఎవరికీ నష్టం లేనప్పుడు నీకెందుకు ఈ బాధ? మహా అయితే మళ్లీ పరీక్ష పెడతారు."

అతనన్నదాంట్లో తప్పు లేదనిపించింది. అలా అనిపించినందుకు ఆమె ఆ పూట కాస్త అన్నం తినగలిగింది.

*

గురువారం కీనన్ బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. రెండే వాక్యాలు, కింద సంతకానికి గీత.

"తేలిపోయింది," అన్నాడు ఆయన. "ఒకళ్లు రాశారు, పదిమంది అందులోంచి దించారు. రాసింది రివేరా. యోలాండా. అన్నిట్లోకీ నిండుగా ఉన్నది ఆ పిల్ల పేపరే, కూచున్నది కూడా అందరికీ ముందు. ఆమె పేపరు రద్దు చేస్తాం, పన్నెండో క్లాసు మళ్లీ చదవాలి. మిగతా పదిమందీ మే నెలలో మళ్లీ రాస్తారు. మీరు ఆ వ్యాసం ఎవరికీ ఇవ్వలేదని ఇక్కడ సంతకం పెడితే ఫైల్ మూసేస్తాను."

వసుమతి ఆ కాగితం మీదికి వంగి చదివింది. "ఆ అమ్మాయి ఒప్పుకుందా?" అంది.

"ఏమీ అనలేదు. భుజాలెగరేసింది."

"ఆమె పేపరు ఒకసారి చూడొచ్చా?"

ఆయన ఇచ్చాడు. వసుమతి నిలబడే చదివింది. మొదటి పేరా అదే, చెప్పులు, నాలుగు మైళ్లు. రెండో పేరా మాత్రం వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చదివింది.

"కానీ మా అమ్మమ్మ చెప్పులు చేతిలో పట్టుకోలేదు. ఆమె కాళ్లు వాచిపోయి ఏ చెప్పుల్లోనూ పట్టేవి కావు. ఆమె కోట్ల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టేది. కత్తెర వెతుక్కునే టైము లేక దారం పళ్లతో తెంపేది. ముప్ఫై ఏళ్లు తెంపితే ముందు పంటికి చిన్న గాడి పడింది. మా అమ్మమ్మ నవ్వితే నాకు ముందు ఆ గాడే కనపడుతుంది. నేను ఏదైనా సగంలో వదిలేద్దామనుకున్నప్పుడు ఆ పన్ను గుర్తొస్తుంది."

అలా మూడు పేజీలు. తప్పులున్నాయి, అక్కడక్కడ కొట్టివేతలున్నాయి. మొదటి పేరా తప్ప ఒక్క ముక్క కూడా వసుమతి చెప్పింది కాదు. పదకొండుమందిలో ఒక్కతి. నాలుక మీది వాక్యం వెనకాల సొంత వాక్యం వచ్చింది! ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"మొదటి పేరా దాటి చదివారా మీరు?" అంది.

"అక్కర్లేదు. మొదటి పేరా చాలు."

"చదవండి. దయచేసి. ఇది దించింది కాదు, ఆ పిల్ల సొంతం."

కీనన్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు నెమ్మదించింది, పేజీ తిప్పి చివరిదాకా వెళ్లాడు. పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"బాగా రాసింది," అన్నాడు. "మీరన్నది నిజం. వీళ్లలో రాయగలిగింది ఈ పిల్లొక్కతే. అంటే మొదటి పేరా కూడా ఈమెదే అన్నమాట. ఇంక అనుమానమే లేదు."

ఆయన టైపు చేసిన కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. రేపు మూడో పీరియడ్‌లోగా కావాలన్నాడు. వసుమతి ఆ కాగితం తీసుకుని బయటికి వచ్చేసింది. కాపాడదామని నోరు తెరిచి ఆ పిల్లని తానే ఇంకాస్త లోతుకి తోసింది. ఇప్పుడు చెప్పడానికి మిగిలింది ఒక్కటే మాట. అది మంగళవారమే చెప్పాల్సింది.

సాయంత్రం యోలాండా బస్‌స్టాప్ దగ్గర కనపడింది. సన్నగా తుంపర పడుతోంది. పిల్ల రెయిన్‌కోటు లేకుండా బ్యాగు తల మీద పెట్టుకుని నిలబడింది. వసుమతి గొడుగు ఆమె మీదికి పట్టింది.

"నువ్వు ఎందుకు చెప్పలేదు?" అంది వసుమతి. "నేనిచ్చానని చెప్పెయ్యొచ్చు కదా?"

"చెబితే మిమ్మల్ని పంపేస్తారు. మీరు పోతే పైనుంచి ఇంకొకళ్లొస్తారు. వాళ్లు వర్క్‌షీట్లు పడేసి న్యూస్‌పేపర్ చదువుకుంటారు. నాకు తెలుసు, మీకు ముందు ఇద్దర్ని చూశాం." యోలాండా బస్సు వచ్చే వైపు చూస్తోంది. "వచ్చే ఏడాది మా చెల్లి ఈ క్లాసుకే వస్తుంది, మిస్. దానికి నాకంటే కష్టం, బి కీ డి కీ తేడా తెలీదు."

"మరి నీ కోర్సు?"

పిల్ల భుజాలెగరేసింది. కీనన్ చెప్పిన ఎగరెయ్యడం ఇదే కాబోలు. దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు, భుజాలు ఎగరేస్తున్నప్పుడు కింది పెదవి వణుకుతుంది.

"మీ తాత పేరేంటి, మిస్?" అంది ఉన్నట్టుండి. "నెల రోజులు అప్పజెప్పించారు, పేరు మాత్రం ఎక్కడా లేదు. నేను రాసేటప్పుడు అనుకున్నాను. మా అమ్మమ్మ పేరు అయితే నేను రాశాను."

వసుమతి నోరు తెరిచింది. ఇరవై నాలుగేళ్లుగా అప్పజెబుతున్న మనిషి. పేరు లేదు. ఆ మనిషికి పేరు ఉండాలని ఎన్నడూ తట్టలేదు. బస్సు వచ్చింది, యోలాండా ఎక్కేసింది. వసుమతి గొడుగు కింద నిలబడిపోయి, తను ఎక్కాల్సిన బస్సు కూడా అదేనని అది వెళ్లిపోయాక చూసుకుంది.

*

శుక్రవారం రెండో పీరియడ్ ఆమెకి ఖాళీ. బేస్‌మెంట్‌ గదిలో తలుపు వేసుకుని, టీచర్ బల్ల దగ్గర కాకుండా ముందు వరసలో, యోలాండా కూచునే బల్ల దగ్గర కూచుంది. ఆ బల్ల చిన్నది, మోకాళ్లు తగిలాయి. కాగితం ముందు పెట్టుకుంది.

రెండే వాక్యాలు. ఈ వ్యాసాన్ని నేను ఏ విద్యార్థికీ ఇవ్వలేదు. ఇది ఎక్కడిదో నాకు తెలియదు.

రెండోది దాదాపు నిజమేననుకుంది, నవ్వు రాబోయి ఆగిపోయింది. పెన్ను మూత తీసి సంతకం గీత మీద పెట్టింది. స్వెట్టర్ల దుకాణం కళ్ల ముందు కనపడింది. ట్యూబ్‌లైట్ల కింద ఎనిమిది గంటలు, ఎడమ చెయ్యి లోపలికి, కుడి చెయ్యి లోపలికి, మధ్యకి మడత. అక్కడ ఆరేళ్లలో ఆమెని ఎవరూ ఏ పేరుతోనూ పిలవలేదు. ఇక్కడ కనీసం మిస్ అంటారు. సంతకం పెట్టెయ్, వసూ, అన్నట్టనిపించింది భాస్కర్ గొంతుతో. బాయిలర్ మూలిగింది.

కాగితం తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది.

"అయ్యా, తమరికి సవినయంగా విన్నవించుకునేది ఏమనగా" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం చేతిలోంచి దానంతటదే వచ్చేసింది. చూసుకుని, కొట్టేసింది. ఇంకో వాక్యం మొదలుపెట్టింది. అదీ ఎక్కడో నేర్చుకున్నదే, కొట్టేసింది. ఒళ్లు మండింది. ఎమ్మే చదివింది, ఊరందరి పిల్లలకీ రాయడం నేర్పింది, తన సొంత ముక్క ఒక్కటి రాయమంటే చేతకావడం లేదు! ఇంతవరకూ రాసిందంతా ఎవరో ఒకరు చెబితే రాసిందే. యోలాండాకి ఎలా వచ్చిందో అడిగితే బాగుండేది.

యోలాండా ఏం చేసింది? ఒక పేరా అప్పజెప్పి, కానీ అంది. అంతే కదా.

వసుమతి మళ్లీ రాసింది.

"ఆ వ్యాసం నేనే ఇచ్చాను. మంగళవారం మీరు అడిగితే లేదన్నాను, అది అబద్ధం. పిల్లలు ఒకరి దాంట్లోంచి ఒకరు దించలేదు, నేను నేర్పింది రాశారు. యోలాండా రివేరా రెండో పేరా నుంచి రాసిందంతా ఆమెది. దీనితో జతచేసిన కాగితాల మీద ఉన్న ఎర్ర టిక్కులు నావి.

"ఆ తాత నా తాత కూడా కాదు. ఆయన ఎవరో నాకు తెలియదు. మా మాస్టారు డిక్టేషన్ చెబితే ముప్ఫై ఎనిమిది మందిమి రాసుకున్నాం. అందరం పాసయ్యాం, ఇన్‌స్పెక్టర్ మెచ్చుకుని వెళ్లాడు. మా తాత పేరు రత్నం. తెనాలి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఒకసారి గుర్రం కాలు పడి కుడికాలి బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉండేది. చెప్పులు లేవు. నన్ను బండిలో బడికి తీసుకెళ్తూ ఇంగ్లీషు పాఠం గట్టిగా చదవమనేవాడు, గుర్రానికి కూడా వినపడాలి అనేవాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. కానీ నేను తడబడితే ఎలాగో తెలిసిపోయేది. పగ్గాలు లాగి బండి ఆపేవాడు. మళ్లీ తడబడకుండా చదివేదాకా బండి కదిలేది కాదు. ఒకసారి వెనక బళ్లవాళ్లు తిట్టినా కదల్లేదు.

"బడి ఇంక ఒక వీధి ఉందనగా దించెయ్యమని నేనే అన్నాను. నా స్నేహితులు చూస్తారని. ఎందుకని ఆయన అడగలేదు. ఆ రోజు నుంచి ఆ మలుపులోనే ఆపేవాడు. నేను ఇంతవరకూ ఆయన గురించి ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు."

బెల్లు కొట్టింది. ఆమెకి వినపడింది గానీ చెయ్యి ఆగలేదు. కాగితం కిందివరకూ వచ్చేసింది, అంచు వెంట నిలువుగా ఇంకో రెండు వరసలు రాసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి యోలాండా కాగితాలు తీసి, వెనక పెట్టి పిన్ను గుచ్చింది.

కీనన్ ముందు సంతకం కోసం చూశాడు. గీత ఖాళీగా ఉంది. తిరగేశాడు. అలవాటుగా ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు. మొదటి పేరా అయ్యేసరికి ఆయన మెడ దగ్గర ఎర్రబడటం మొదలైంది, తలెత్తి ఏదో అనబోయాడు.

"మొదటి పేరా దగ్గర ఆగకండి," అంది వసుమతి.

ఆయన ఆగలేదు. నిలువు వరసల కోసం కాగితం పక్కకి తిప్పి కూడా చదివాడు. చదివాక పెన్సిల్ బల్ల మీద పెట్టాడు. అది దొర్లుతుంటే ఇద్దరూ చూశారు.

"నేను ఇది చూడలేదనుకోవచ్చు," అన్నాడు మెల్లగా. "మళ్లీ టైపు చేయిస్తాను. మీరు ఇంటికెళ్లి ఆలోచించుకుని సోమవారం రండి."

"వద్దు."

"ఇది నేను తీసుకుంటే ఆ ఉత్తరం రాదు. తెలుసు కదా?"

"తెలుసు." ఏడుపొస్తుందేమోనని భయపడింది, రాలేదు. "యోలాండా పేపరు?"

"ట్రెంటన్ వెళ్తుంది, వాళ్లకి మీ కాగితం కూడా చూపించాలి. మిగతా పదిమందీ మే నెలలో రాస్తారు." ఆయన సొరుగు పూర్తిగా తెరిచి, కాగితాన్ని అందులో పెట్టాడు. "జూన్ దాకా క్లాసు మీదే. ఈసారి ఎవరి తాత వాళ్లకి ఉండేలా చూడండి, మిసెస్..." అని ఆగి, మిగతాది పలకబోయి, రెండక్షరాల దగ్గర తడబడి ఊరుకున్నాడు.

ఆమె మెట్లు దిగి వచ్చేసరికి పదకొండుమందీ అప్పటికే కూచుని ఉన్నారు. ఎప్పుడూ ఇంత చప్పుడు లేకుండా లేరు. యోలాండా బల్ల మీద మోచేతులు ఆనించి ఆమె చేతుల వంక చూస్తోంది.

"తెల్లకాగితం తియ్యండి," అంది వసుమతి. "ఇవాళ డిక్టేషన్ లేదు."

"మరేం రాయాలి?" అన్నాడు జాక్సన్. "మా తాత బడికెళ్లలేదు, మిస్. ఆయన గురించి రాయడానికి ఏమీ ఉండదు."

"మా తాతా వెళ్లలేదు," అంది వసుమతి.

జాక్సన్ పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

"పేరేంటి?" అంది యోలాండా.

వసుమతి సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా, విడివిడిగా రాసింది. రాసి పక్కకి జరిగింది.

జాక్సన్ లేచి బోర్డు దగ్గరికి వచ్చాడు. అలవాటుగా వేలు ఆ పేరు కింద పెట్టాడు. వేలు కదలకుండా మొదటి ముక్క అన్నాడు, రెండో ముక్క అన్నాడు, తర్వాత రెండూ కలిపి, వినపడీ వినపడనట్టు చదివాడు.

"రత్నం."

"గట్టిగా," అంది వసుమతి.